ట్రాక్టరు మీద కప్పిన గోతాలు

కాలవకు నీళ్లు వచ్చాయి, రేపు నాట్లకు చేను దమ్ము చెయ్యాలి. వేసవంతా షెడ్డులో ఉన్న ట్రాక్టరు పొద్దున తాళం తిప్పితే ఉలకలేదు. చెరుకుపల్లి నుంచి మెకానిక్కు మస్తాను వచ్చి బానెట్టు ఎత్తాడు. ఎలుకలు వైర్లన్నీ కొరికేసి, లోపల గోనెపీచుతో గూడు కట్టుకున్నాయి.

"దుమ్ము పడకూడదని గోతాలు నేనే కప్పానురా," అన్నాను.

"వడ్ల గోతాలా బాబాయ్? పక్కేసి అన్నం కూడా పెట్టావన్నమాట!" అన్నాడు.

మా ఆవిడ అప్పుడే వద్దంది. నేను వినలేదు.

సాయంత్రానికి కొత్త వైర్లు వేశాడు. ఒక్క తిప్పుకే బండి అందుకుంది. రేపు చేలోకి దిగుతుంది.

మా ఆవిడ ఫోను చూడదు కాబట్టి తప్పు నాదేనని ఇక్కడ రాస్తున్నాను. మీరు బండి మీద ఏం కప్పుతారో చెప్పండి. ఆవిడకు మాత్రం చెప్పకండి.