కారణం రాసే గడి

పాపకి జ్వరం కాస్త తగ్గి ఇప్పుడే నిద్రపోయింది. మళ్లీ వస్తుందేమోనని మాటిమాటికీ నుదురు తాకి చూస్తూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను సెలవులో ఉండగా మా స్పిన్నింగ్ మిల్లులో నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి పొద్దున ఫోన్ చేసింది. మళ్లీ కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నారట, పాత అంకెలన్నీ అందులోకి ఎక్కిస్తోందట. "మేడమ్, మార్కాపురం నుంచి పత్తి లారీలు రావడానికి శివరాత్రి వారంలో నాలుగు రోజులని పెట్టారేంటి? రెండే కదా, సరిచేసేయనా?" అంది.

డిగ్రీ అవగానే నేను గుంటూరు పక్కనున్న ఆ మిల్లులో చేరేనాటికి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, కంప్యూటరంటే నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలే. ఎన్ని బేళ్ల పత్తి కావాలి, ఏ జిన్నింగ్ మిల్లు నుంచి ఎప్పుడు బయల్దేరాలి అన్నది ఆ పాత సాఫ్ట్‌వేరే లెక్కగట్టేది కానీ, తన మీద తనకే నమ్మకం లేనట్టు ప్రతి అంకె దగ్గరా ఆగి మనల్ని అడిగేది. అంకె మారిస్తే, ఎందుకు మార్చారో రాయమని కింద ఒక గడి చూపించేది. మా సెక్షన్ పెద్దాయన, నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని, ఒంటివేలితో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఆ గడి నింపేవారు. వాన. మిర్చి సీజను, లారీలు దొరకవు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. నేను నవ్వితే, "లారీ తెర మీద రాదమ్మాయ్, రోడ్డు మీద వచ్చిద్ది" అనేవారు.

తర్వాత రంగుల తెర, మౌసుతో కొత్తది వచ్చింది. అది ఎవరినీ ఏమీ అడగదు. ఏడాది పొడవునా లారీలకి పట్టిన రోజుల సగటు తీసి ఆర్డరు తనే వేసేస్తుంది. కావాలంటే ఫలానా తేదీలకి అంకె మార్చుకోవచ్చు గానీ కారణం రాసే గడి లేదు. పాత అంకెలు ఎక్కించే పని నాకిచ్చారు. బాబాయిగారు వెనక నిలబడి "నా పిచ్చిరాతలు కూడా ఎక్కిస్తున్నావా, బుట్టలో పడేశావా?" అని ఎగతాళి చేసేవారు. ఒకరోజు మాత్రం నవ్వకుండా, తిరునాళ్లకి నాలుగు పెట్టావు కదూ అని అడిగారు. పెట్టానండీ అనేశాను. పెట్టలేదు. ఇంత తెలివైన దానికి ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. శివరాత్రి ఏటా ఒకే తేదీకి రాదని నాకైనా తట్టలేదు.

ఆ శివరాత్రికి కొండకెళ్లే ఎత్తైన ప్రభల బళ్లతో, జనంతో మార్కాపురం నుంచి వచ్చే నరసరావుపేట దారి నిండిపోయింది, మా లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మిల్లులో పత్తి అయిపోయి మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. రోజూ విసుక్కునే ఆ చప్పుడు లేకపోతే ఎంత భయమేస్తుందో ఆరోజే తెలిసింది. షిఫ్టుకొచ్చిన ఆడవాళ్లు క్యారియర్లు పట్టుకుని గేటు దగ్గర నుంచే వెనక్కి వెళ్లారు. ఎవరు చూసుకోవాలి ఇది అని మేనేజరుగారు అందరి ముందూ అరిచారు. నేను తల దించుకున్నాను. బాబాయిగారు ఒకసారి నా వైపు చూసి, "నేనే చూసుకోలేదండీ" అన్నారు.

నెలాఖరుకి ఆయన్ని ఇంక రావద్దన్నారు. ఆయన ఇల్లు ఆ జీతం మీదే నడిచేదని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. వెళ్తూ వెళ్తూ, "వచ్చే ఏడన్నా నాలుగు పెట్టమ్మాయ్" అన్నారు, అంతే.

అప్పటినుంచి ఏటా పెడుతూనే ఉన్నాను, ఎందుకో ఎక్కడా రాయకుండా. పాతది ఏమీ తెలియక అడిగేది, బాబాయిగారి లాంటివాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు అడిగేదీ లేదు, ఆయన ఎక్కడున్నారో చెప్పేవాళ్లూ లేరు.

పొద్దున పాప ఏడుస్తున్నా ఎత్తుకుని ఊపుతూనే, తిరునాళ్ల గురించీ, ప్రభల గురించీ, పేట దారి గురించీ ఆ అమ్మాయికి వివరంగా చెప్పాను. అంతా విని, "సరే మేడమ్, పెట్టేస్తాను" అంది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు, ఆరోజు పెట్టానండీ అన్న గొంతు.