రెండు పుస్తకాలు, రెండు టిష్యూ పాకెట్లు

1999 ఆగస్టు 14, శనివారం, మధ్యాహ్నం పన్నెండుంబావుకు, చోవా చూ కాంగ్‌లో మా బ్లాక్ దగ్గరి లైబ్రరీలో మొదలైందిది. ఆ రోజుల్లో సింగపూర్‌లో కంప్యూటర్ తెలిసినవాళ్లందరికీ ఉద్యోగాలు ఉండేవి, తామెవరో చెప్పుకునే తీరికే ఉండేది కాదు. నాకు ముప్పై ఆరేళ్లు, సైన్స్ పార్క్‌లో ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన సహోద్యోగి (ఆదివారం కూడా మెడలో ఐడీ కార్డు తీయడు కాబట్టి ట్యాగ్ బాబు) నా మాటలో తమిళం, మలయ్ విని, "మేడమ్, అసలు మీరు తెలుగువాళ్లేనా?" అన్నాడు. మా తాత విశాఖపట్నంలో ఓడెక్కి మలయా రబ్బరు తోటకు వచ్చాడని చెప్పేలోగా అందరూ నవ్వేశారు. సోమవారం ఆఫీసు భోజన విరామంలో జరిగే పుస్తక పరిచయానికి పట్టుబట్టి నా పేరు రాయించాను. జవాబు పుస్తకంతోనే చెప్పాలి.

నా కార్డు మీద ఇంకొక్క పుస్తకమే ఇస్తారు. చేతిలో రెండున్నాయి. ఒకటి సింగపూర్ ప్రజల జాతీయత గురించి, రెండోది అమెరికా నల్లజాతివారి చరిత్ర. పట్టిక గీసి మార్కులు వేశాను. మొదటిదాంట్లో తెలుగువాళ్లు ఒక్కచోట ఉన్నారు, అదీ "ఇతరులు" అన్న మాట కింద. రెండోదాంట్లో మనం లేనే లేము. కానీ యజమానులు ఆ మనుషుల పేర్లు తమ ఇష్టానికి మార్చి రాసుకున్నారన్న పేజీ దగ్గర ఆగిపోయాను. (తాతను ఎవరూ గొలుసులతో తేలేదు, ఆ తేడా నాకు తెలుసు. అయినా తోట రిజిస్టరులో ఆయన పేరు మూడు రకాలుగా ఉంది.) మార్కులు పదకొండు, పదకొండు.

తిన్నాక తేల్చుకుందామని రెంటినీ బల్లమీద పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో టిష్యూ పాకెట్ ఉంచాను. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో అలా టిష్యూ పెట్టి చోప్ చేసిన, అంటే ఇది నాదని ఆపి ఉంచిన, కుర్చీని ఎవరూ ముట్టరు కదా! నలభై నిమిషాల తర్వాత వస్తే పాకెట్లున్నాయి, పుస్తకాలు లేవు. లైబ్రరీవాళ్లు వాటిని సర్దే బండిలోకి ఎత్తితే, ఆ బండి మీదనుంచే ఎవరో తీసుకుపోయారట. కౌంటర్లో అమ్మాయి నవ్వు ఆపుకోలేక, "టిష్యూ ఫర్ సీట్ లా, ఆంటీ! బుక్ కెనాట్ చోప్!" అంది.

సోమవారం ఖాళీ చేతులతోనే నిలబడ్డాను. తాత పేరు మూడు రకాలుగానూ బోర్డు మీద రాసి, పది నిమిషాలూ మాట్లాడాను. ఎవరూ నవ్వలేదు. ట్యాగ్ బాబు మాత్రం, "రెండిట్లో ఏది చదవమంటారు మేడమ్?" అన్నాడు.

"తేలాక చెబుతాను బాబూ," అన్నాను.

రెండూ చంకలో పెట్టుకుని ఒక మూల కూర్చుంటే సాయంత్రానికి ఏదో ఒకటి తేలేది. ఆ ముప్పై ఆరేళ్ల మనిషికి అది తోచలేదు, ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ శనివారం పోయినవి: పుస్తకాలు రెండు, నిమిషాలు నలభై, అక్కా అని పిలిపించుకునే వయసు ఒకటి.