గాలిసంచికి కడుపు నింపిన కథ

బతుకమ్మ పండుగ ముందటి బుధవారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు నేను ఉత్త గడ్డితో ఒక విమానాన్ని వెళ్లగొట్టిన. టైము ఇంత పక్కాగ ఎట్ల యాదికుందంటరా? సూర్యాపేట నుంచి వచ్చిన వ్యవసాయం సారు చేతిగడియారం నా ముక్కుకు ఆనిచ్చి మరీ తిట్టిండు.

డెబ్బైల ముచ్చట. వరికి దోమ పట్టింది. మిర్యాలగూడ పక్కన బీడు చదును చేసి, మందు కొట్టే చిన్న విమానం దిగేటట్టు చేసిన్రు. నన్ను కావలి పెట్టిన్రు. నాకూ అక్కడ్నే రెండెకరాల కౌలు వరి. అప్పటికే అది సగం ఎర్రబడ్డది.

సారు కంబానికి పొడుగాటి గుడ్డసంచి కట్టి, "సైదులూ, పైలటు పైనుంచి దీన్నే సూస్తడు, జాగ్రత్త" అన్నడు. కంబానికి ఒక కాగితం అంటించి, "చదువుకో" అన్నడు. నాకప్పుడు అక్షరం ముక్క రాదు. అయినా పెద్ద పంతులు లెక్క తల ఊపిన.

బుధవారం చూస్తే గాలే లేదు. సంచి ఎండిన బీరకాయ లెక్క వేలాడుతున్నది. కొత్త అల్లుడొచ్చే వేళ గుమ్మానికి వాడిన తోరణమా? సంచి దించి, వెదురుబద్ద దూర్చి, వరిగడ్డి కుక్కి, కంబానికి అడ్డంగ బిగించిన. బాగా మెక్కిన కొండచిలువ లెక్క బిర్రుగ నిలబడ్డది. నా భుజం నేనే తట్టుకున్న.

విమానం వచ్చింది. రెండు చుట్లు కొట్టి కోదాడ దిక్కు మళ్లింది.

సారు ఉరికొచ్చిండు. "గాలి జోరుమీదుంటేనే సంచి గట్ల లేస్తది! ఆ గాలిల కొడితే మందు పక్క ఊరి మీద పడతదని దిగకుండ పోతుండు. ఇగ వారందాక రాడు!"

వారమా! నా వరి రెండు దినాలు ఆగదు.

అప్పుడే సద్ది తెచ్చిన మా ఆవిడ వెంకటమ్మ చుట్టూ చూసింది. "ఆకు కదుల్తలేదు, నీ సంచికొక్కదానికే తుఫాను వచ్చిందా?"

"మంచిగ కనపడాలెనని గడ్డి కుక్కిన."

"నీ తలకాయల ఉన్నదంతా తీసి అండ్ల పెట్టినవా?"

ఊరంతా ఒక దారి, నా సంచిది ఒక దారి! సారు తల పట్టుకుని కూలబడ్డడు. వెంకటమ్మ నాతోని సంచి దింపించి, గడ్డి పీకి దూరంగ కుప్పేసి, "అగ్గిపెట్టె తియ్యి" అన్నది.

"ఎందుకే?"

"పొగకు అబద్ధమాడుడు రాదు."

పొగ తాడిచెట్టంత ఎత్తుకు నిట్టనిలువుగ లేచింది. ఖాళీ సంచి మళ్ల కంబానికి ఎక్కి బీరకాయ అయింది. నిలువు పొగ చూసి గాలి లేదని తెలిసి, పోయే విమానం తిరిగొచ్చి దిగింది.

పైలటు దిగుతనే నన్ను పట్టుకున్నడు. "పావుగంట కింద తుఫాను చూపిస్తివి. గింతల ఆ గాలంతా ఎటు పోయిందయ్యా?"

"కాలబెట్టినం సారూ!"

మందు కొట్టిన్రు. నా వరి సగమన్న దక్కింది. నాలుగేండ్లకు పెద్దోళ్ల బడిల అక్షరాలు నేర్చి, దాచిపెట్టిన ఆ కాగితం తీసి కూడబలుక్కున్న: "ఈ సంచిని ఎవరూ ముట్టరాదు."

అందుకే ఒట్టేసి రాస్తున్న: సచ్చేదాక నా కడుపు తప్ప ఇంకో సంచి నింపను. ఆ రోజు అక్కడున్నది వ్యవసాయం సారు, పైలటు, సైదులు అనే నేను, ఇంక తెలివిగల్ల మనిషి ఒక్కతి. ఆమె పేరు పెద్దక్షరాలతోని రాయమని పక్కనే కూసున్నది: వెంకటమ్మ.