రేడియేటర్‌లో రాగి అంబలి

మా నాయనకు ఒక పాత కారుండేది. వయసులో ఆయనకు తమ్ముడవుతుంది. వీధి మలుపు దాటకముందే పొగలు కక్కేది. ఎక్కడికెళ్లినా వెనక సీట్లో మాతోపాటు నీళ్ల బిందె కూడా కూర్చునేది. చివరికి అమ్మ, "అదో నేనో, ఎవురో ఒకరే ఈ ఇంట్లో" అనేసింది. తిరుపతిలో ఒకాయన కొంటానన్నాడు. ఒక ఆదివారం చిత్తూరు నుంచి ముగ్గురం బయలుదేరాం. కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టుంది నాయన ముఖం. అసలు కూతుర్ని నేను పక్కనే ఉన్నాను, నాకు ఒళ్లు మండింది.

రేడియేటర్‌కు సన్నని చిల్లి పడింది. చారెడు పసుపు పోస్తే చిల్లి పూడిపోతుందని షెడ్డులో మేస్త్రీ చెప్పాడట. పసుపు డబ్బా అమ్మ అధీనంలో ఉంటుంది. అడిగే ధైర్యం లేక, ఏ పిండయితేనేమని, నాయన వసారాలో ఉన్న రాగిపిండి రెండు దోసిళ్లు పోసేశాడు. మాకు చెప్పలేదు.

పాకాల దాటాక వేడి చూపే సూది ఎర్రగీత దగ్గరికి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి, దాంతోపాటు కమ్మటి వాసన. కారు ఆగింది.

"ఎవురో ఈడ సంగటి కెలకతా ఉండారు," అంది అమ్మ.

చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు. కాసేపాగి నాయన తడిగోనె వేసి మూత తిప్పాడు. బుస్సుమని అంబలి ఎగిరి ఆయన చొక్కా మీద, మీసాల మీద పడింది.

"ఏమయ్యా, ఏం పోసినావు దీంట్లో?"

"రాగిపిండి."

"ఉప్పేసినావా?"

అంతే, ముగ్గురికీ నవ్వు ఆగలేదు. అమ్మ రోడ్డు పక్కన కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అమ్మ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నాకెంత సంతోషమేసిందో!

పక్క చేలో పంపుసెట్టు నడుస్తోంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక నాయన కిందిగొట్టం ఊడదీశాడు. అమ్మ కొంగు దోపుకుని బిందెతో నీళ్లు మోసింది. పైనుంచి నీళ్లు పోస్తుంటే కింద ముద్దలు ముద్దలుగా అంబలి పడింది. తేటనీళ్లు వచ్చాక గొట్టం బిగించి మళ్లీ నింపాం. అప్పుడు అమ్మ, తిరుచానూరు అమ్మవారికని తెచ్చుకున్న పసుపు పొట్లం విప్పింది.

"తల్లికి మళ్లా ఇచ్చుకుందాంలే," అని తన చేత్తోనే పోసింది. ఇంజిన్ తిరుగుతుంటే చిల్లిలోంచి పచ్చటి చుక్కలు రాలి రాలి, ఆగిపోయాయి.

ఆ తర్వాత దారంతా అమ్మ వెనక సీట్లోంచి మెడ చాచి, "సూది యాడుండాది?" అని అడుగుతూనే ఉంది. చంద్రగిరి కోట దాటినా సూది కదల్లేదు. ఇంత బుద్ధిగా నడిచే కారు తప్పకుండా అమ్ముడుపోతుందని నాయన దిగులు.

తిరుపతిలో ఆ పెద్దమనిషి కారు చుట్టూ తిరిగి, బానెట్ తట్టి చూశాడు. "బాగుండాదే! మాట్లాడుకుందామా?" అన్నాడు.

నాయన తాళంచెవి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. అమ్మ కారు దిగనేలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మేదానికి కాదన్నా, మీకు సూపించి పోదామని తెచ్చినాం," అంది.