అక్కగారి బీరువాలో భూటాన్ ప్రయాణం

కరోనా ఆంక్షలు తొలగి పొరుగు దేశాలు మళ్ళీ తలుపులు తెరిచిన రెండో ఏడాది, సెప్టెంబరులో, ఒక దంపతుల భూటాన్ ప్రయాణం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి నేను రాజమండ్రిలో ఒక ట్రావెల్ సంస్థ బ్రాంచిలో సీనియర్ టికెటింగ్ ఆఫీసర్ని. ఉద్యోగ విరమణకి ఇంకా రెండు నెలలుంది. ఇదే నీ ఆఖరి విదేశీ ఫైలని మేనేజరు గారు చెప్పినప్పుడు, ఇద్దరే మనుషులు, వారం రోజుల ప్రయాణం, పోనీలే తేలికైనదే ఇచ్చారనుకున్నాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నా చేతి మీదుగా వెళ్ళినవాళ్ళెవరూ విమానాశ్రయం నుంచి వెనక్కి రాలేదన్న గర్వం కూడా కొంచెం ఉండేది.

ఆ దంపతులది ఆత్రేయపురం. సూర్యారావు గారు వరి, కొబ్బరి రైతు. పంచాంగం చూడకుండా గడప దాటరు. ఆయన భార్య సత్యవతి గారికి అరవై నాలుగేళ్ళు. ప్రయాణం ఆవిడ కోరిక. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ చేయాలని డాక్టరు తేదీ ఇచ్చేశాడు. ఆ లోపల, దేవుడిచ్చిన మోకాళ్ళతోనే ఒక్క కొండ ఎక్కాలని ఆవిడ పట్టు. అన్నవరం, తిరుపతి కొండలు చూడలేదా అని అడిగాను. "బస్సులో ఎక్కానండి. అదీ ఒక ఎక్కడమేనా?" అన్నారు. కాళ్ళతో ఆవిడ ఎక్కిన పెద్ద ఎత్తు ఏదంటే గోదావరి గట్టే. ఎప్పుడో పత్రికలో కొండ అంచున వేలాడే బౌద్ధ మఠం బొమ్మ చూసి, కత్తిరించి, దేవుడి గూట్లో దాచుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఏటా వెళ్దామనుకోవడం, ఊడ్పులనో కోతలనో గేదె ఈనిందనో మానుకోవడం. ఈసారి నాట్లయిపోయి కోతలు రాని అక్టోబరు ఖాళీలో తేదీలు కుదిరాయి.

చదివేవాళ్ళ కోసం ఆ దేశం సంగతి రెండు ముక్కలు చెప్పాలి. భూటాన్ వెళ్ళే విమానాలు పారో అనే ఊళ్ళో దిగుతాయి. చుట్టూ కొండలు, మధ్యలో ఇరుకు లోయ. పైలట్ కళ్ళతో చూస్తూనే దించాలి కాబట్టి పగలే దిగుతాయి. మధ్యాహ్నమైతే గాలులు లేస్తాయని ఎక్కువగా పొద్దున్నే వస్తాయి. అలా దించడానికి ప్రత్యేకంగా తర్ఫీదైన పైలట్లు కొద్దిమందే. కలకత్తా నుంచి వారంలో కొన్ని రోజులే విమానం ఉంటుంది. ఒకటి తప్పితే, పండుగల సీజన్లో, మళ్ళీ సీటు ఎప్పుడో దేవుడికే తెలియాలి.

ప్రవేశానికి మనవాళ్ళకి వీసా అక్కర్లేదు గానీ పర్మిట్ కావాలి. దాన్ని అక్కడి ఏజెంటు, దిగే తేదీ, హోటళ్ళు చూపించి ముందే తీసి ఉంచుతాడు. దిగే తేదీ మారితే పర్మిట్ మళ్ళీ మొదటికొస్తుంది. గుర్తింపుగా పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ చూపించాలి. అసలు కార్డే కావాలి, జిరాక్స్ పనికిరాదు. ఆధార్ చెల్లదు. ఈ చివరి మాట సూర్యారావు గారికి మింగుడు పడలేదు. "ఆధార్ ఉంటే గ్యాసొస్తుంది, బియ్యమొస్తాయి, బ్యాంకులో లోనొస్తుంది. భూటాన్ ఎందుకు రాదండి?" అని నిలదీశారు. దంపతులిద్దరికీ పాస్‌పోర్టులు లేవు. ఉన్నవి ఓటరు కార్డులే.

ఇలాంటి ప్రయాణాలకి నాకో నియమం ఉండేది. పారో విమానానికి ముందు కలకత్తాలో ఒక రోజంతా ఖాళీ పెట్టాలి. అక్టోబరులో మన తీరంలో వాయుగుండం పుడితే రాజమండ్రి విమానం రద్దు కావచ్చు. అందుకే సోమవారం మధురపూడి విమానాశ్రయంలో ఎక్కి, హైదరాబాదు మీదుగా కలకత్తా చేరి, మంగళవారం ఊరికే ఉండి, బుధవారం పొద్దున్నే పారో. సూర్యారావు గారు ఆ మంగళవారం మీద వేలు పెట్టి ఇదెందుకమ్మా అన్నారు. జాగ్రత్త కోసమన్నాను. పరాయి ఊళ్ళో హోటల్లో కూర్చుని పంకా చూడ్డం జాగ్రత్త ఎలా అవుతుందని ఆయన సందేహం. సత్యవతి గారు మాత్రం మేడం గారు చెప్పినట్టు వినండని ముగించేశారు.

ఆఖరికి ఇద్దరి చేతా కార్డులు బల్ల మీద పెట్టించి, పర్మిట్ మీది వివరాలతో సరిచూసి, ఒక చిన్న జిప్ సంచిలో వేసి ఇచ్చాను. సామాన్లన్నిటికంటే ముఖ్యమైనవి ఇవేననీ, వేరే సామానుతో కలపకుండా విడిగా, భద్రంగా పెట్టమనీ చెప్పాను. "ఆయ్" అన్నారాయన, తల ఊపుతూ. చెప్పిన మాట అంత శ్రద్ధగా విన్న ప్రయాణికుణ్ణి నేను చూడలేదు. విన్నదాన్ని అంతకంటే శ్రద్ధగా అమలు చేసిన వారినీ చూడలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్. బయలుదేరాం అని చెప్పడానికనుకున్నాను. కాదు. అక్కగారి ఇంటి ముందు నిలబడి ఉన్నామని ఆయన చెప్పారు. ఏ అక్కగారని అడిగాను. అప్పుడు తెలిసింది అసలు కథ.

సోమవారం తూర్పుకి వారశూల. అంటే ఆ రోజు ఆ దిక్కుగా బయలుదేరకూడదు. నేను టికెట్ తీసింది సరిగ్గా ఆ రోజుకే, హైదరాబాదు మీదుగా తిరిగినా చేరేది సరిగ్గా ఆ దిక్కుకే. నన్ను తేదీ మార్చమంటే బాధపడతానని ఆయన మొహమాటపడి, పెద్దలు చెప్పిన ఉపాయం పాటించారు. దాన్ని ప్రస్థానం పెట్టడమంటారు. మంచి ముహూర్తానికి మనం వెళ్ళలేకపోతే, మన బదులు మన సామాను ఒకటి వెళ్తుంది. వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా దాన్ని ముందుగా ఉంచుతారు. ఇక ప్రయాణం మొదలైనట్టే లెక్క. అసలు బయలుదేరే రోజున దాన్ని దారిలో తీసుకుని సాగిపోవచ్చు. మధ్యలో దాన్ని తిరిగి ఇంటికి తేకూడదు. మామూలుగా ఒక పంచో చీరో పెడతారు. కానీ సూర్యారావు గారు, అన్నిటికంటే ముఖ్యమైనవేవో నేను ఆఫీసులోనే చెప్పాను కాబట్టి, ఓటరు కార్డుల సంచి పెట్టారు.

శుక్రవారం పొద్దున, మంచి ఘడియలో, ఆ సంచికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తీసుకెళ్ళి తూర్పు వీధిలో ఉండే ఆయన అక్క అన్నపూర్ణమ్మ గారికి అప్పగించారు. ఆవిడ దాన్ని ఇనుప బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నారు. సోమవారం వీళ్ళు వెళ్ళేసరికి వీధి తలుపుకి తాళం. పక్కింటావిడ, గృహప్రవేశానికని తెల్లారగట్ల యానాం బస్సెక్కారని చెప్పింది. ఫోన్ చేస్తే తాళం వేసిన ఇంట్లోంచే మోగుతోంది. మందు చవకగా దొరికే యానాం వెళ్ళినవాళ్ళు ఫోన్ ఎత్తకపోతే మా జిల్లాలో ఎవరూ కారణం అడగరు. కానీ డెబ్బై ఏళ్ళు దాటిన అన్నపూర్ణమ్మ గారి విషయంలో అది అన్యాయం. ఆవిడ ఫోన్ మరిచిపోయారంతే.

నాకు కోపం వచ్చింది, దాచను. తాళం పగలగొట్టించండి, బీరువాకి మనిషిని పిలవండి అన్నాను. సూర్యారావు గారు చాలా మర్యాదగా చెప్పారు. "మేడం గారండీ, మీరు చెప్పినవన్నీ చేశాను. పగలగొట్టి ప్రస్థానం తియ్యడం మాత్రం నా వల్ల కాదండి. దాని కంటే వెళ్ళకపోవడం నయం." నేను గట్టిగా ఏదో అనబోయాను. ఇంతలో ఫోన్ సత్యవతి గారి చేతికి వెళ్ళింది. ఆవిడ ఆయన మీద విసుక్కోలేదు, నా మీదా విసుక్కోలేదు. "కొండ ఎక్కడికీ పోదు గానీ భారతి గారూ, నా మోకాళ్ళే పోతాయండి. ఏదైనా దారుందా?" అన్నారు. ఆ మాటతో నా కోపం చల్లారింది. పని మొదలైంది.

టికెట్ల విషయంలో తెలియనివాళ్ళు చేసే పెద్ద తప్పు, ఆఖరి నిమిషం దాకా ఆశపడటం. విమానం ఎగరక ముందు తేదీ మార్చుకుంటే టికెట్ బతుకుతుంది. మార్చకుండా, వెళ్ళకుండా ఉంటే 'నో షో' అని పడుతుంది. ఆ తర్వాత దానికీ బస్సు టికెట్ ముక్కకీ తేడా లేదు. వాళ్ళ విమానం పదకొండింటికి. కౌంటర్ దానికి గంట ముందే మూసేస్తారు. ఆత్రేయపురం నుంచి మధురపూడి చేరడానికే గంటకి పైన పడుతుంది. తొమ్మిదింపావుకి నేను లెక్క వేసుకున్నాను. అన్నపూర్ణమ్మ గారు ఇప్పుడే ప్రత్యక్షమైనా లాభం లేదు. అక్కగారూ తాళంచెవీ ఎప్పుడొస్తాయో తెలియకుండానే, సోమవారం ప్రయాణం వదిలేసి మంగళవారానికి మార్చాలి. ఆ రాత్రికి ఆవిడ యానాంలోనే ఉండిపోతే రెండో విమానం కూడా పోయినట్టే. అయినా మార్చాను. మంగళవారం, హైదరాబాదు మీదుగా కలకత్తాకి, రెండు సీట్లు దొరికాయి. భూటాన్ ఏజెంటుకి చెప్పాల్సినదేమీ లేకపోయింది. దిగేది బుధవారమే కాబట్టి పర్మిట్ చెక్కుచెదరలేదు. పోయింది నేను పెట్టిన ఖాళీ రోజొక్కటే.

మధ్యాహ్నం రెండింటికి అన్నపూర్ణమ్మ గారు చేతిలో గృహప్రవేశం లడ్డూల సంచితో బస్సు దిగారు. వీధి అరుగు మీద సూట్‌కేసులతో కూర్చున్న తమ్ముణ్ణీ మరదల్నీ చూసి ఆవిడే ముందు కోప్పడ్డారట. "విమానం బుధవారం అన్నావు కదరా! బుధవారం విమానానికి సోమవారం ఎవడైనా బయల్దేరతాడా?" న్యాయంగా చూస్తే ఆ తిట్టు నాకు రావలసింది. నేను పెట్టిన ఖాళీ రోజు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ తన లెక్క ప్రకారం ఒక రోజు ముందే ఇంట్లో సిద్ధంగా ఉన్నారు.

ఆ సాయంత్రం ఫోన్లో సూర్యారావు గారిని కొంచెం ఏడిపించాలనిపించింది. మంగళవారం ప్రయాణమంటే మీకు అభ్యంతరం లేదా అని అడిగాను. ఆయన తొణకలేదు. ప్రయాణం శుక్రవారమే మొదలైందనీ, మంగళవారం చేసేది కొనసాగింపేననీ చెప్పారు. అలాగైతే సోమవారం కూడా కొనసాగింపే కదా, పంచాంగం ఒప్పుకుంది కదా, తాళమే ఒప్పుకోలేదు కదా అన్నాను. "అదేనండి, మంచికే ఆగాం" అన్నారు. ఆయనతో వాదించి నెగ్గిన వాడు గోదావరికి ఈ ఒడ్డున లేడు.

సోమవారం రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనమని వార్తల్లో చెప్పారు. ఇక మా దగ్గర ఖాళీ రోజు లేదు. మంగళవారం పొద్దున్నే పదిసార్లు మేడెక్కి ఆకాశం చూశాను. విమానం వేళకే లేచింది.

బుధవారం కలకత్తా కౌంటర్ దగ్గర ఒక చిన్న ముచ్చట జరిగింది. సంచిలోంచి తీసిన ఓటరు కార్డు మీద, సత్యవతి గారి ఫొటో నుదుటి మీద, కుంకుమ బొట్టుంది. ప్రస్థానం సంచికి పెట్టిన బొట్టు సరిపోదనుకుని అన్నపూర్ణమ్మ గారు జిప్ తీసి లోపలున్న మరదలికి కూడా పెట్టారట. కౌంటర్లో అమ్మాయి గోటితో దాన్ని చెరిపి, ఫొటో చూసి, మనిషిని చూసి, నవ్వి, బోర్డింగ్ పాసు ఇచ్చింది. తమ్ముడి ఫొటోకి మాత్రం ఆవిడ బొట్టు పెట్టలేదు. కోపం అప్పటినుంచే ఉండి ఉండాలి.

ఆ తర్వాత నాలుగో రోజు సత్యవతి గారు వీడియో కాల్ చేశారు. మఠం దారిలో సగం కొండ మీద ఒక టీ కొట్టుంది. గుర్రాలు అక్కడి దాకా తీసుకొస్తాయి. ఆవిడ గుర్రం వద్దని, కర్ర ఊతంతో, ఆగి ఆగి, నాలుగు గంటలు నడిచి ఎక్కారు. మఠం అవతలి కొండ మీద, గూట్లోని బొమ్మలో ఉన్నట్టే ఉంది. మోకాళ్ళు రెండూ వాచిపోయాయి. ముఖం మాత్రం చెమటతో వెలిగిపోతోంది. "ఇంతవరకే నా కొండ, చాలండి" అని ఏడ్చేశారు. నాకూ కళ్ళు తడిశాయి. పక్కనే సూర్యారావు గారు టీ తాగుతూ కనిపించారు. ఆయన గుర్రం మీద వచ్చారు.

తిరిగి వచ్చాక ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు ఇద్దరూ ఆఫీసుకి పూతరేకులు పట్టుకొచ్చారు. నేను ఉండబట్టలేక ప్రస్థానం గురించి మళ్ళీ ఎత్తాను. అప్పుడు సత్యవతి గారు నెమ్మదిగా అన్నారు. "ఈయన ప్రస్థానం అక్కగారింట్లో పెట్టారు. మీరు కలకత్తాలో పెట్టారు. ఏంటండి తేడా? ఆయన సంచిని పెట్టారు, మీరు మమ్మల్నే పెడదామనుకున్నారు." సూర్యారావు గారు ఇంకో పూతరేకు తీసుకున్నారు.

ఆవిడ అన్నది నిజం. దూరదేశానికి బయలుదేరే మనిషికీ, తప్పించుకోలేని వేళకీ మధ్య కొంచెం ఖాళీ ఉంచాలని ఆయన పెద్దలకి తెలుసు, నాకు తెలుసు. ఆయన పంచాంగం చూసి ఉంచారు, నేను వాతావరణం చూసి ఉంచాను. ఎందుకు ఉంచామో ఒకరికొకరం విడమరిచి చెప్పుకోలేదు, అదే తప్పు. ఆ నెలాఖరున పదవీ విరమణ చేసే ముందు, ప్రయాణికుల వివరాల ఫారంలో నేను ఒక ప్రశ్న చేర్చాను. అది ఇప్పటికీ ఉందని విన్నాను. 'ప్రస్థానం పెట్టారా? పెడితే, ఏం పెట్టారు, తాళంచెవి ఎవరి దగ్గరుంది?'