బస్సు అద్దం మీది మంచు

మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, పోయారు. దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజులు. పొద్దున చాయ్ తాగి, మఫ్లర్ చుట్టుకుని, చెప్పులు వేసుకుందామని కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. కబురు చెప్దామని ఊళ్ళో మా మేనత్తకు ఫోన్ చేశాను. నేను నోరు విప్పకముందే ఆమె, "ఇయ్యాల అన్న ఫోన్ చెయ్యలేదేంది బిడ్డా?" అంది.

ఆ ఫోన్ సంగతే మీకు చెప్పాలి.

ఎల్బీ నగర్‌లో పొద్దున్నే బస్సెక్కేవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. తూర్పు ఊళ్ళ బస్సు వచ్చి ఆగగానే దగ్గరికి వెళ్ళి ముందు అద్దం మీద అరచేయి ఆనించేవారు, మంచా, వాన తడా అని. తర్వాత వంగి టైర్లు చూసేవారు, తడి మట్టి ఉందా, ఉత్త దుమ్మేనా అని. దిగేవాళ్ళను అటు చలి పెడుతోందా అని అడిగేవారు. మొదట్లో కసురుకున్న డ్రైవర్లు పోనుపోను తామే పిలిచి చెప్పేవారు. అవన్నీ చూసుకుని అత్తకు ఫోన్ చేసి, ఆ తర్వాతే దిల్‌సుఖ్‌నగర్‌లో తాను పనిచేసే చీరల దుకాణానికి వెళ్ళేవారు.

పోచంపల్లి అవతల మా ఊరు. ఊరని పేరే గానీ సగానికి పైగా ఇళ్ళకు తాళాలు. అత్త అక్కడ ఇంకా నేస్తుంది. నూలు పడుగుకు గంజి పట్టించి వీధి పొడుగునా సాచి ఆరబెట్టాలి. చేయి సాయానికి ఊళ్ళో మనుషులు లేక పక్క ఊరి నుంచి పిలిపించుకుంటుంది. మధ్యలో జల్లు పడితే పోగులన్నీ అంటుకుని పడుగు పాడవుతుంది. ఎండాకాలం ఆ భయం లేదు. పరేషానంతా ఈ దసరా తర్వాతి రోజులతోనే. పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ, వాన పోయిందనుకునేలోపే ఎక్కడిదో ఒక మబ్బు. "గీ నెల మాట మీద నిలబడదు" అనేవారు పెద్దబాపు.

నాకు భలే వింతగా ఉండేది. తలెత్తితే ఆమెకే ఆకాశం కనబడుతుంది కదా, ఇక్కడి నుంచి మీరు చెప్పేదేమిటని అడిగాను.

"అది మొగులును చూస్తది. నేను మొగులు యాడికెల్లి వస్తున్నదో చూస్తా" అన్నారు.

ఒక ఏడు మాత్రం పప్పులో కాలేశారు. అద్దం నిండా నీళ్ళు కారుతున్న బస్సును చూసి, ఇయ్యాల సాచకు అని ఫోన్ చేశారు. అది డిపోలో కడిగిన బస్సని డ్రైవర్ నవ్వుతూ చెప్పాక కంగారుగా మళ్ళీ చేస్తే, ఇక్కడా తుంపర పడ్డది అన్నా, మంచిగ చెప్పినవ్ అందట అత్త. ఆ మాట ఎన్నాళ్ళు చెప్పుకుని మురిసిపోయారో!

పెద్దకర్మ నాడు ఆ సంగతి ఎత్తితే అత్త ఏడుస్తూనే నవ్వింది. ఆ రోజు చుక్క పడలేదట. ఫెళఫెళా ఎండ. పడుగు సాచడానికి పక్క ఊరి నుంచి వచ్చినవాళ్ళకు చాయ్ పోసి తిప్పి పంపిందట. ఎండ కళ్ళ ముందే ఉండగా ఎందుకలా చేశావని అడిగాను.

"మొగులు నాకు తెల్వదా బిడ్డా? నేనే చూసుకుంటనంటే అన్న ఇంక ఫోన్ ఎందుకు చేస్తడు? గీ ఊళ్ళె పొద్దున్నే నాతోని మాట్లాడేటోళ్ళు ఎవరున్నరు?"

మొన్న పొద్దున ఎల్బీ నగర్‌లో మెట్రో మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. అత్త. మెల్లగా, "బస్సులు ఎట్లొచ్చినయే?" అంది.

కిందికి దిగి వచ్చాను. అప్పుడే తూర్పు ఊళ్ళ బస్సు ఒకటి వచ్చి ఆగింది. అందరూ చూస్తున్నా వెళ్ళి అద్దం మీద అరచేయి ఆనించాను. చల్లగా, తడిగా ఉంది. అది మంచో, డిపోలో పోసిన నీళ్ళో నాకెక్కడ తెలుస్తుంది?

"సాచు అత్తా" అన్నాను.