ఎర్రరాళ్ల కమ్మలు

బీరువా అడుగున ఉన్న రేకుడబ్బా మూత తీస్తే ఇప్పటికీ కుంకుడుకాయ వాసన వస్తుంది. నిజంగా వస్తుందో, నాకే అలా అనిపిస్తుందో చెప్పలేను. అందులో పాతగుడ్డలో చుట్టి మా అమ్మమ్మ ఎర్రరాళ్ల కమ్మలున్నాయి. మాచర్లలో ఈ అద్దె ఇంట్లో వాటిని అప్పుడప్పుడూ తీసి చూసేది నేనొక్కదాన్నే.

గురజాల దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, మిరపకాయలు కల్లానికి చేరే రోజుల్లో ఊరంతా తుమ్ముతూనే ఉండేది. ఎండలో ఎర్రగా పరిచిన కాయల మధ్య, తలకు తువ్వాలు చుట్టుకుని తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళలో అమ్మమ్మను దూరం నుంచి గుర్తుపట్టడానికి నాకు ఆ కమ్మలే ఆనవాలు. వాటి బరువుకి ఆమె చెవితమ్మెలు సాగి వేలాడేవి. మధ్యాహ్నం నులకమంచం మీద ఆమె పక్కన పడుకుని, ఒక కమ్మను వేళ్ళతో పట్టుకుంటే గానీ నాకు నిద్రపట్టేది కాదు. "ఒసేయ్, చెవి తెంపుతావేందే" అని కసిరేదే కానీ, ఎప్పుడూ నా చెయ్యి తోసేసేది కాదు.

ఆ కమ్మలు అమ్మమ్మకు వాళ్ళమ్మ ఇచ్చినవి. తల్లి తన చెవులకున్నవి తీసి, పెద్దకూతురి చెవులకు తన చేత్తోనే పెట్టాలి. అది మా ఇంటి ఆనవాయితీ. మా అమ్మే పెద్దకూతురు. క్రిస్మస్ ముందు పొయ్యి మీద కజ్జికాయలు వేగుతుంటే, అమ్మ ఆ కమ్మలను కుంకుడు రసంలో నానబెట్టి, రాళ్ల సందుల్లో మురికి పోయేదాకా తోమి, మెత్తటి గుడ్డతో తుడిచి, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే చేతిలో ఉంచుకునేది. "ఎప్పుడిస్తావమ్మా?" అని నవ్వుతూ అడిగేది. "నేనేమన్నా ఎంట కట్టుకుపోతానా? నీయేగా" అనేది అమ్మమ్మ. ఏటా అదే మాట. అయినా అమ్మ అడగడం మానలేదు; నాకు తెలిసి ఆమె నోరు తెరిచి అడిగింది ఆ కమ్మలొక్కటే.

ఒక ఏడు పండగ వెళ్ళాక, ఊళ్ళోకి కొత్తగా వచ్చిన సంఘంలో ఇద్దరూ బాప్తిస్మానికి పేర్లిచ్చారు. బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళు బంగారం పెట్టుకోకూడదన్నది ఆ సంఘం కట్టడి. అమ్మ తన చిన్న దిద్దులు ముందురోజే తీసేసింది. అమ్మమ్మకు మాత్రం మనసొప్పక, ఇదిగో తీస్తా, అదిగో తీస్తా అంటూ సాగర్ కాలవ గట్టు దాకా కమ్మలతోనే వచ్చింది. పాటలు మొదలయ్యాయి. తెల్లచీరల్లో ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. అప్పుడు తీసింది. తీసి, అమ్మ చెవి దాకా తీసుకెళ్ళి, అమ్మ కూడా అదే వరసలో ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది.

"నిన్ననన్నా ఇయ్యకపోతినే" అంది.

 కమ్మలు గట్టు మీదున్న పిన్ని చేతిలో పెట్టి ఇద్దరూ నీళ్ళలోకి దిగారు. ఆ మధ్యాహ్నం అమ్మమ్మ బోసిచెవులు చూసి నేను భయపడి ఏడ్చాను.

పోయేదాకా అమ్మమ్మది అదే దిగులు. "ఒక్కరోజు ముందిచ్చినా, ఆ ఒక్కరోజన్నా పెట్టుకునేది నా బిడ్డ" అని కళ్ళు తుడుచుకునేది. అమ్మది గట్టి నమ్మకం. ఆ కట్టడి ఎన్నడూ తప్పలేదు. కానీ చెవిచిల్లులు పూడిపోకుండా ఇంట్లో చీపురుపుల్ల ముక్కలు పెట్టుకుని, ఆదివారం మందిరానికి వెళ్ళే ముందు తీసేసేది. ఎందుకమ్మా అంటే, "ఊరికేనే" అనేది.

పోయిన ఏడు అమ్మ పోయింది. స్నానం చేయించి తెల్లచీర కట్టాక, గదిలో పిన్నీ నేనూ మాత్రమే ఉన్నప్పుడు, అమ్మ రేకుడబ్బాలో దాచిన ఆ కమ్మలు తీసి ఆమె చెవులకు పెట్టాను. సులువుగా ఎక్కాయి. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, కాసేపటికి, "ఇంక తియ్యవే, పాస్టరుగారొస్తన్నారు. అక్కకి ఇష్టముండదు" అంది. తీశాను. అమ్మ వాటిని పెట్టుకున్నది అంతసేపే, అదీ తనకు తెలియకుండా.

ఇప్పుడు ఆ ఊరికి వెళితే సాగిన చెవితమ్మెల ముసలమ్మ ఒక్కతీ కనబడదు. "ఎవరు పెట్టుకుంటారే, అమ్మెయ్యరాదూ" అంటుంది పిన్ని ఫోన్లో. ఆమె అన్నదీ నిజమే. నాకు చెవులు కుట్టించాలనుకున్న ఏడే అమ్మా అమ్మమ్మా కాలవలోకి దిగారు. ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు కుట్టించుకోవాలంటే ఎంతసేపు, మాచర్ల బజారులో చిటికెలో పని. కుట్టించుకున్నా, పెట్టడానికి అమ్మ లేదు.